టీవీ మీద పెండ్లి పత్రిక: మసక అక్షరాలు తేటపడేదాకా నా అనుభవం

ముందుగా ఒక పెండ్లి పత్రికలో ఆరుకు బదులు పడిన ఎనిమిది అంకె సంగతి చెప్పాలి. అది జరగకపోతే, ల్యాప్‌టాప్‌కు కలిపిన టీవీ మీద అక్షరాలు ఎందుకు మసకగా వస్తున్నాయని నేను ఇన్ని రోజులు వెంటపడేదాన్ని కాదు.

నల్లగొండలో ప్రకాశం బజారుకు దగ్గర్లో ఒక సందులో మాది చిన్న డీటీపీ షాపు. ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 అనే పాత పేజీల డిజైన్ ప్రోగ్రాంలోనే, అను తెలుగు ఫాంట్లతోనే పని. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, కరపత్రాలు, బ్యానర్ల మ్యాటర్. నేను టైప్ చేసి డిజైన్ పెడతాను, ప్రింటింగ్ సంగతి మా ఆయన చూసుకుంటాడు. మాఘమాసం వచ్చిందంటే రోజుకు నాలుగైదు పత్రికలు ఉంటాయి. టైప్ చేయడం ఒక ఎత్తయితే ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా, చూపించడం ఇంకో ఎత్తు. పెండ్లి పత్రిక చూసుకోవడానికి ఒక్కరే రారు. పిల్ల తండ్రి, పెదనాయన, మేనమామ, చదువుకున్న అల్లుడు, పేర్ల వరుసలో ఎవరు ముందు ఎవరు వెనుక అని చూడటానికి ఇంటి పెద్దామె. ఇంతమందీ నా 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీదికి వంగితే వెనుక నిలబడ్డవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపించేవి. అందుకే ఇంట్లో ఉన్న 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీని షాపుకు తెచ్చి గోడకు బిగించి, హెచ్‌డీఎంఐ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపాం.

బొమ్మ వచ్చింది. వినాయకుడి రంగులు, అంచు డిజైను అంతా బాగానే ఉంది. అక్షరాలు మాత్రం తడి కాగితం మీద ఇంకు పాకినట్టు ఉన్నాయి. చూసినవాళ్లు "జర మసకమసకగ ఉన్నయి చెల్లె" అనేవాళ్లు. "పెద్దగ చేసి చూపిస్తున్న కదన్నా, అట్లనే ఉంటది" అని చెప్పేదాన్ని. నేను కూడా అదే నిజమనుకున్నాను.

ఆ మాఘంలో తిప్పర్తి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. అయ్యగారు రాసిచ్చిన చీటీలో సుముహూర్తం ఉదయం 10.36 అని ఉంది. నేను 10.38 అని కొట్టాను. టీవీ మీద ఆరుకూ ఎనిమిదికీ తేడా లేదు. ఆరు పైన తెరుచుకొని ఉండాల్సిన చోటు మూసుకుపోయి, రెండూ ఒకే నల్లటి ముద్దలా ఉండేవి. పిల్ల తండ్రి కుర్చీలో కూర్చొని పైకే చదివాడు: "ఉదయం పది ముప్పై ఆరు. మంచిగున్నది బిడ్డా." ఆయనకు ఆ ముహూర్తం నెల రోజుల నుంచి నోటికి వచ్చు. కన్ను తెలిసిందే చూసింది. 400 కార్డులు అచ్చయ్యాయి.

తప్పును పట్టుకున్నది అయ్యగారు. మొదటి పత్రిక యాదగిరిగుట్టలో స్వామి దగ్గర పెట్టాలని, దానికి నాలుగు మూలలా పసుపు రాస్తూ మధ్యలో ఆగిపోయారట. మూడు మూలలకు పసుపు ఉంది, నాలుగో మూల ఖాళీగా ఉంది. ఆ పత్రికనే తెచ్చి పిల్ల తండ్రి నా టేబుల్ మీద పెట్టాడు. అరవలేదు. "నేనే చూసిన బిడ్డా. నేనే మంచిగున్నదన్న" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. రాత్రికి రాత్రి మా ఖర్చుతో కార్డులన్నీ మళ్లీ అచ్చువేసి పొద్దున్నే పంపించాం.

కార్డులు పోయాక అదే ఫైలు తెరిచి చూశాను. ల్యాప్‌టాప్ మీద ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది. తల తిప్పి టీవీ చూస్తే ముద్ద. అంటే ఫైలులో లోపం లేదు, ఫాంటులో లేదు. ల్యాప్‌టాప్ దాటి టీవీ చేరేలోపు ఎక్కడో అక్షరం చెడుతోంది. అది ఎక్కడో కనిపెట్టేదాకా టీవీ మీద ఎవరికీ ప్రూఫ్ చూపించనని మా ఆయనతో చెప్పాను.

మొదట అందరూ చెప్పింది వైరు మార్చమని. కొనడానికి పోతే షాపాయన బంగారు పూత కొసలున్న వైరు చూపించి, దీంతో అద్దంలా వస్తదని చెప్పాడు. పాత వైరుకు మూడింతల ధర పెట్టి తెచ్చాను. వెంట్రుకవాసి తేడా కూడా రాలేదు. తర్వాత అర్థమైంది ఎందుకో. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. వైరు చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ వచ్చి పోతుంటుంది, లేదా మొత్తానికే నల్లబడుతుంది. అక్షరం అంచు మెత్తబడటం మాత్రం వైరు వల్ల జరగదు. పాత నీలం కొసల వీజీఏ వైరు అయితే వేరు. దాంట్లో సిగ్నల్ అలల రూపంలో పోతుంది కాబట్టి పొడవాటి, నాసిరకం వైరు నిజంగానే అక్షరాలను అలికేస్తుంది. మీ టీవీకి హెచ్‌డీఎంఐలో బొమ్మ నిలకడగా వస్తోందంటే వైరు మీద డబ్బు పెట్టకండి. ఈ ఒక్క మాట నాకెవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అసలు దారి చూపించింది మా మేనమామ. ఆయనది పుట్టపాక, చిటికి కట్టే చేతులు. తేలియా రుమాళ్లు, చీరలు నేసి నేసి కళ్లజోడు అద్దం మందమైంది. ఏదో పని మీద నల్లగొండ వచ్చి షాపులో కూర్చున్నాడు. నేను గోడు చెప్పుకుంటుంటే లేచి టీవీ దగ్గరికి పోయి, ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి అట్లనే చూశాడు.

"చిటికి తప్పింది కోడలా" అన్నాడు.

చిటికి పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మగ్గం మీదికి ఎక్కకముందే నూలుకు రంగు వేస్తారు. డిజైను గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గడి ప్రకారం పోగుల కట్టను గుర్తు పెట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టి, రంగులో ముంచుతారు. తర్వాత నేసేటప్పుడు పేక పోగు, అంటే అడ్డపోగు, తన గడిలోనే పడాలి. ఒక్క పోగు ఇటు జరిగినా గీత అంచు చెదిరి పొగమంచులా కనిపిస్తుంది. మామ ప్రతి పేకనూ వేలితో లాగి సర్దుతూ నేయడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

"మీ డబ్బాల ఎన్ని గళ్లు? గోడ మీద దాంట్ల ఎన్ని?" అని అడిగాడు. నాకు తెలియదు. ఇంటర్ చదువుతున్న మా పెద్దోడిని పిలిచాను. వాడు డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ నొక్కాడు. అక్కడ రెండు వరుసలు కనిపించాయి. డెస్క్‌టాప్ రిజల్యూషన్ 1366 x 768. యాక్టివ్ సిగ్నల్ రిజల్యూషన్ 1920 x 1080.

ఆ రెండు వరుసలు చూశాక నాకు మామ మాట అర్థమైంది. నా ల్యాప్‌టాప్ తెరకు అడ్డంగా ఉన్నవి 1366 చుక్కలు (పిక్సెళ్లు). టీవీకి 1920. నేను పెట్టింది డూప్లికేట్ పద్ధతి, అంటే ల్యాప్‌టాప్ మీద ఏముందో అదే టీవీ మీద. అప్పుడు రెండింటికీ కలిపి ఒకే కొలత పెట్టాలి కాబట్టి విండోస్ చిన్నదాని కొలత తీసుకుంది. 1366 గళ్ల డిజైనును 1920 పోగుల మగ్గం మీద పరిచినట్టు. ఒక్కో గడికి దాదాపు 1.4 పోగులు. పోగును అట్లా తుంచలేం కదా. ఒక చుక్క మందమున్న నల్లగీత ఒక చుక్క మీద నల్లగా, పక్క చుక్క మీద బూడిద రంగుగా పడుతోంది. బొమ్మలో అది తెలియదు, అక్షరంలోనే తెలుస్తుంది. మన అక్షరాల్లో మరీ తెలుస్తుంది. తలకట్టు, దీర్ఘం, పొల్లు, వత్తు చివరన చిన్న తోక, అన్నీ ఒకటి రెండు చుక్కల మందమే. 'ద'కూ 'ధ'కూ తేడా కింద ఒక చిన్న గీత. 'ప'కూ 'ఫ'కూ అంతే. ఆ గీత బూడిదలో కలిసిపోతే పేరే మారిపోతుంది.

మా వాడు విండోస్ బటన్, పి కలిపి నొక్కి, డూప్లికేట్ బదులు ఎక్స్‌టెండ్ పెట్టాడు. టీవీ రెండో తెర అయింది. దాన్ని ఎంచుకుని రిజల్యూషన్ 1920 x 1080 చేశాడు. ల్యాప్‌టాప్ 1366 దగ్గరే ఉంది, దేని కొలత దానిదే. పేజ్‌మేకర్ కిటికీని మౌసుతో పట్టి ఆ పక్కకు జరిపితే టీవీ మీదికి పోయింది. ఎనిమిది మధ్యలో నడుము కనిపించింది! మామ "ఆఁ, పోగు పడ్డది" అన్నాడు. టీ తాగి బస్సుకు పోయాడు.

పని సగమే అయింది. ఆ సగానికే సంబరపడి ఆపేస్తే ఇంకో పత్రికలో ఇంకో తప్పు పోయేది. అక్షరాలు మెరుగుపడ్డాయి గానీ, తెరలో కొన్ని చోట్ల పదును, కొన్ని చోట్ల మొద్దు. ఒకే 'శ్రీ' ఎడమ పక్కన బాగుండి, నాలుగు వేళ్లు జరిపితే పాడయ్యేది. ఇంకో గుర్తు కూడా ఉంది, దాన్ని మేం రోజూ చూస్తూనే పట్టించుకోలేదు. కింద కుడి మూలన గడియారం సగం కోసుకుపోయి కనిపించేది. అడుగున టాస్క్‌బార్ పట్టీ సన్నగా మిగిలేది.

దీని పేరు ఓవర్‌స్కాన్. వెనకటి డబ్బా టీవీల కాలం నాటి అలవాటు ఇది. ఆ గాజు గొట్టాల్లో బొమ్మ అంచులు నిలకడగా ఉండేవి కావు. అందుకని బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులను చట్రం వెనక్కు దాచేవాళ్లు. పలచని టీవీలకు ఆ అవసరమే లేదు. అయినా చాలా టీవీలు ఇప్పటికీ వచ్చిన బొమ్మను కొద్ది శాతం పెంచి చూపిస్తాయి. సినిమా చూసేవాళ్లకు నష్టం లేదు. అక్షరాలకు మాత్రం పోగులు మళ్లీ తప్పుతాయి. 1920 చుక్కలు పంపినా అవి 1920 చుక్కల మీద పడవు.

ఇక్కడ మేం ఒక పొరపాటు చేశాం, మీరు చేయకండి. మా వాడు గడియారం కనిపించడం లేదని ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ ప్రోగ్రాం తెరిచి, బొమ్మను నాలుగు వైపులా లోపలికి నొక్కాడు. గడియారం పూర్తిగా కనిపించింది. అక్షరాలు ముందుకంటే చెడ్డాయి. ఎందుకంటే ల్యాప్‌టాప్ బొమ్మను కుదించింది, టీవీ ఆ కుదించినదాన్ని మళ్లీ సాగదీసింది. రెండుసార్లు చెదిరింది. ఏఎండీ గ్రాఫిక్స్‌లో దీన్నే హెచ్‌డీఎంఐ స్కేలింగ్ అంటారు, అక్కడ ఆ స్లైడరు సున్నా దగ్గరే ఉండాలి. సాగదీస్తున్నది టీవీ కాబట్టి ఆపాల్సింది కూడా టీవీలోనే.

టీవీలో ఆ బటన్‌కు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, వెతకడం కష్టమయ్యేది అందుకే. శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో డిస్‌ప్లే ఏరియా అని ఉండి దాంట్లో ఫుల్ పిక్సెల్, షార్ప్‌లో డాట్ బై డాట్. బొమ్మ కొలత, అంటే పిక్చర్ సైజ్ లేదా ఆస్పెక్ట్ రేషియో అనే చోట ఉంటుంది. కొన్నింట్లో 16:9 ఎంచుకున్నాకే ఆ అవకాశం తెరుచుకుంటుంది. మా రిమోట్ మీద అంకెలు అరిగిపోయాయి, మెనూలో మూడు మెట్లు దిగాక దొరికింది. నొక్కగానే బొమ్మ ఒక్క పిసరు లోపలికి ముడుచుకుంది. గడియారం మొత్తం బయటికి వచ్చింది.

నిజంగా చుక్కకు చుక్క పడుతోందా అని తేల్చుకోవడానికి మా వాడు ఒక పరీక్ష చేశాడు. పెయింట్‌లో 1920కి 1080 కొలతతో ఖాళీ బొమ్మ తీసుకుని, ఒక చుక్క వెడల్పున్న నల్లగీత, పక్కన ఒక చుక్క తెలుపు, మళ్లీ నలుపు, ఇట్లా కాపీ చేసుకుంటూ తెరంతా నింపాడు. పీఎన్‌జీగా దాచాడు, జేపెగ్ అయితే దాచడంలోనే గీతలు చెదురుతాయి. ఆ బొమ్మను నూరు శాతం సైజులో టీవీ నిండా పెట్టాలి. టీవీ సాగదీస్తుంటే తెర మీద చీర కుచ్చిళ్లలా నల్లని, తెల్లని వెడల్పు పట్టీలు కనిపిస్తాయి. చుక్కకు చుక్క పడుతుంటే ఎక్కడా పట్టీ ఉండదు, తెరంతా ఒకే తీరున సన్నగీతలు. జస్ట్ స్కాన్ లాంటి ఆ బటన్ తీసేసి చూశాం, పట్టీలు. పెట్టి చూశాం, పోయాయి. ఆ రోజు రాత్రి దాన్ని ఎన్నిసార్లు నొక్కి చూసుకున్నానో లెక్కలేదు.

నల్ల అక్షరాలు తేటపడ్డాయి. ఎర్రవి పడలేదు.

పెండ్లి పత్రికలో ఎరుపు లేకుండా పని జరగదు. పసుపు నేల మీద ఎర్రటి 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు', వధూవరుల పేర్లు ఎరుపు, ముహూర్తం ఎరుపు. నల్లటి మ్యాటర్ అద్దంలా ఉండి, దాని పైనే ఎర్ర అక్షరాల చుట్టూ రంగు కారినట్టుంది. అచ్చులో చుక్కలు చూసే భూతద్దం తెచ్చి టీవీకి ఆనించి చూశాను. తెల్లని చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం సన్న పట్టీలు పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఒక్కో చుక్కలో మూడు పట్టీలు. ఎర్ర అక్షరం అంచు దగ్గరికి జరిపితే, అక్షరం ఆగాల్సిన చోట రంగు ఆగలేదు. ఇంకో చుక్క దాకా పాకి, అక్కడ వెలవెలబోతూ ఆగింది. రంగులో ముంచినప్పుడు కట్టు వదులైతే నూలు మీద రంగు పాకేది కూడా ఇట్లనే.

కారణం ఇది. మనిషి కన్ను వెలుతురు తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగు తేడాను పట్టదు. అందుకని వీడియోలో వెలుగును చుక్క చుక్కకూ పంపి, రంగును రెండు చుక్కలకు ఒకటో, నాలుగింటికి ఒకటో పంపి బరువు తగ్గిస్తారు. వీటినే 4:2:2, 4:2:0 అంటారు. ఏదీ తగ్గించకుండా పంపితే 4:4:4. ముఖాలు, చెట్లు, ఆకాశం చూసేటప్పుడు ఎవరికీ తేడా తెలియదు. పసుపు మీద ఎర్ర అక్షరానికి ఇది శత్రువు. మా ల్యాప్‌టాప్ రంగును పూర్తిగానే పంపుతోంది, గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో ఆర్‌జీబీ అనే ఉంది. తీసుకున్నాక టీవీయే, వచ్చింది సినిమా అనుకుని రంగు తగ్గిస్తోంది. "ఇది సినిమా కాదు, కంప్యూటర్" అని దానికి చెప్పాలి. చాలా టీవీల్లో ఇన్‌పుట్ల జాబితాలో హెచ్‌డీఎంఐ గుర్తు మీద నిలిపి, ఎడిట్ లాంటి బటన్ నొక్కితే పేరు గానీ బొమ్మ గానీ మార్చుకోవచ్చు. అక్కడ పీసీ అని ఎంచుకోవాలి. చూడటానికి అది ఉత్త పేరు మార్పే. కానీ చాలా టీవీలు ఆ పేరును బట్టే రంగును తగ్గించకుండా చూపిస్తాయి. కొన్నింట్లో పిక్చర్ మోడ్‌లోనే గ్రాఫిక్స్ అని ఉంటుంది.

పీసీ అని పెట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడి వెలిగింది. 'అవిఘ్నమస్తు'లో 'ఘ్న' ఎర్రగా, అంచు తెగినట్టు నిలబడింది. దాని కింద 'న' వత్తు లోపలి ఖాళీలో పసుపు కనిపించింది. ఇన్నేళ్లుగా ఆ పదం టైప్ చేస్తున్నాను, ఆ ఖాళీని అంత పెద్దగా అప్పుడే చూశాను.

షార్ప్‌నెస్ గురించి ఎక్కువ చెప్పేది లేదు, తగ్గించండి. పేరు చూసి అది పెంచితే పదును వస్తుందనుకుంటాం. నేను నెలలపాటు దాన్ని నిండుగా పెంచి ఉంచాను. అది పదును పెంచదు, అక్షరం చుట్టూ తెల్లని గీటు గీస్తుంది అంతే. నల్ల అక్షరాన్ని బూడిద రంగు నేల మీద పెట్టి, ఆ తెల్లని గీటు పూర్తిగా పోయేదాకా తగ్గించుకుంటూ పోవాలి. చాలా టీవీల్లో సున్నా దగ్గర పోతుంది, సోనీ లాంటి వాటిలో మధ్యలోనే. నాయిస్ రిడక్షన్, బొమ్మ కదలిక నున్నగా చేసేవి, అవన్నీ తీసేశాం.

అన్నీ అయ్యాయనుకున్నాక మా వాడు, దూరం నుంచి మెనూలు కనిపించడం లేదని టీవీకి స్కేల్ 150 శాతం పెట్టాడు. బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవై పదునుగానే ఉన్నాయి. పేజ్‌మేకర్ మాత్రం మళ్లీ పాత మసకే. నాకు గుండె జారిపోయింది, ఇంత చేసినదంతా పోయిందనుకున్నాను. కారణం టీవీలో లేదు, పేజ్‌మేకర్ వయసులో ఉంది. ఇది 2001లో వచ్చిన వెర్షన్. తెరను బట్టి అక్షరాల కొలత పెంచుకోవడం దానికి తెలియదు. అందుకని విండోస్ దాన్ని నూరు శాతం దగ్గర గీయించి, ఆ గీసినదాన్ని బొమ్మలా సాగదీస్తుంది. ఇక్కడ కూడా అదే గడి, అదే పోగు. దీనికి రెండు మార్గాలు. టీవీకీ ల్యాప్‌టాప్‌కూ స్కేల్ నూరు శాతమే పెట్టి, ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రావడం ఒకటి. లేదా పేజ్‌మేకర్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్కేలింగ్ పనిని అప్లికేషన్‌కే అప్పగించడం. అప్పుడు మెనూలు చిన్నగానే ఉంటాయి, అక్షరాలు మాత్రం పదును. పాత ప్రోగ్రాములతో బతికే మా డీటీపీ వాళ్లందరూ ఇది తెలుసుకోవాలి. నేను నూరు శాతమే పెట్టుకున్నాను. పత్రికను పెద్దగా చూపించాలంటే పేజ్‌మేకర్‌లోనే 200 శాతం జూమ్ చేస్తాను, అట్లా చేస్తే అది అక్షరాన్ని కొత్తగా గీస్తుంది, సాగదీయదు.

ఆఖరున స్టార్ట్‌లో సీటీట్యూన్ (cttune) అని కొట్టి, విండోస్‌లో అక్షరాల అంచులు సర్దే క్లియర్‌టైప్ ట్యూనర్ నడిపించాం. అది తెర తెరకూ విడిగా అడుగుతుంది, ఏ పెట్టెలో అక్షరాలు తేటగా ఉన్నాయో ఎంచుకోమంటుంది. కొన్ని టీవీల్లో మూడు రంగుల పట్టీల వరుస తిరగబడి నీలం ముందు ఉంటుంది, వాటిలో ఇది చేయకపోతే అక్షరాల అంచున రంగు మెరుస్తుంది. మా దాంట్లో పెద్ద మార్పేమీ రాలేదు, అయినా చేసి ఉంచాం.

ఈ సంగతి బంధువుల్లో తెలిశాక ఎవరి టీవీ బాధ వాళ్లు మోసుకొచ్చారు. దేవరకొండలో ఉన్న చెల్లెలిది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. దాని తెరలో ఉన్నవే 1366కి 768 చుక్కలు. కానీ హెచ్‌డీఎంఐలో అది 1920 x 1080ని తీసుకుని లోపల కుదించుకుంటుంది. జాబితాలో 1360 x 768 గానీ 1366 x 768 గానీ కనిపిస్తే అది పెట్టమన్నాను. కనిపించలేదు. అలాంటి టీవీలో అక్షరం పూర్తిగా తేటపడదని ఉన్నదున్నట్టు చెప్పాను, 1280 x 720 పెట్టి అక్షరాలు పెద్దవి చేసుకుని వాడుతోంది. మిర్యాలగూడ బావగారిది 55 అంగుళాల 4కే. అక్షరాలు బాగున్నాయి గానీ మౌసు ఈడ్చుకుంటూ నడుస్తోందన్నారు. ఆయన పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంది, అది 3840 x 2160ని సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 సార్లు, రంగు తగ్గకుండా కావాలంటే 2013లో వచ్చిన 2.0 రెండు వైపులా ఉండాలి, టీవీ మెనూలో ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి ఎన్‌హాన్స్‌డ్ అనో డీప్ కలర్ అనో ఉన్నదాన్ని తెరవాలి. చదవడానికే అయితే 30 చాలని ఆయనే తేల్చుకున్నారు. వైరు లేకుండా గాలిలో టీవీకి కలిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అక్కడ బొమ్మను వీడియోలా నొక్కి పంపుతారు, ఏ సెట్టింగ్ మార్చినా వైరంత తేట రాదు.

ఇంకో మాట, టీవీది కాదు గానీ మా పనికి దగ్గరిది. పత్రిక ప్రూఫ్‌ను వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, నొక్కి కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఇప్పుడు నేను అట్లనే పీడీఎఫ్ పంపుతున్నాను.

టీవీని మళ్లీ ప్రూఫ్‌కు వాడటం మొదలుపెట్టాక కూడా కొన్నాళ్లు నాకు ధైర్యం చాల్లేదు. టీవీ మీద చూపించి, ల్యాప్‌టాప్ మీద చూపించి, మళ్లీ కాగితం మీద తీసి ఇచ్చేదాన్ని. ఒకరోజు నకిరేకల్ నుంచి వచ్చిన ఒక అవ్వ, కుర్చీలో నుంచి లేవకుండానే, "బిడ్డా, మా చిన్న కొడుకు పేర్ల కింద వత్తు ఉంటది, నువ్వు పెట్టలే" అంది. చూస్తే నిజమే. ఆమెతో వచ్చిన నలుగురు చదువుకున్నవాళ్లకు అది కనిపించలేదు. ఆ రోజు నుంచి కాగితం తీయడం తగ్గించాను.

శ్రావణంలో తిప్పర్తి ఆయన మళ్లీ వచ్చాడు, తమ్ముడి కూతురి పత్రికకు. ఆయన రాకకు నేను ఎదురు చూస్తున్నానో, భయపడుతున్నానో నాకే తెలియదు. తమ్ముడు, మరదలు, ఇద్దరు మేనత్తలు బెంచీ మీద కూర్చున్నారు. ఆయన మాత్రం కూర్చోలేదు. ముహూర్తం ఉన్న చోటు దాకా జరుపుమన్నాడు. జరిపాను. "ఇంక పెద్దగ చెయ్యాల్నా పెదనాయనా?" అని అడిగితే వద్దన్నాడు. జేబులో నుంచి అయ్యగారి చీటీ తీసి టీవీ పక్కన గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఎర్ర అంకెల మీద వేలు ఒక్కొక్కటిగా జరుపుతూ, చీటీ ఒకసారి, తెర ఒకసారి చూశాడు. ఆఖరి అంకె దగ్గర వేలు ఆగింది. పైన తెరుచుకున్న వంపులో గోరు పెట్టి చూపించాడు.

"ఆరే" అన్నాడు. "ఇగ అచ్చుకు పంపు బిడ్డా."